పాటలో లేని రెండు పేర్లు

యానాంలో మా అమ్మమ్మగారింట్లో, వీధి గదిలో టేకు బల్ల మీద ఒక గ్రామఫోన్ ఉండేది. దానికి కీ తిప్పే పని నాది. సూది మార్చే పని తాతయ్యది. ఒక ప్లేటుకి వాడిన సూదితో రెండో ప్లేటు వేయనిచ్చేవారు కాదు. "అరిగిన సూది పాటని గీకేస్తుందే అమ్మడూ" అనేవారు. అరిగిన సూదులన్నీ ఒక అగ్గిపెట్టెలో పోగుచేసి, అది నిండాక అమ్మమ్మ చేత పెరట్లో లోతుగా పాతిపెట్టించేవారు, ఎవరి కాల్లోనూ దిగకుండా.

తాతయ్య ఫ్రెంచివాళ్ళ దొరతనంలో గుమాస్తాగా చేశారు. యానాం 1954 జూన్‌లో వాళ్ళ చేతి నుంచి బయటపడింది. నేను వేసవి సెలవులకి అక్కడికి వెళ్ళి, బుద్ధి తెలిసి పాటలు వినే నాటికి ఫ్రెంచి జెండా పోయి ఐదారేళ్ళయింది. కానీ తాతయ్య దగ్గర ఉన్న ముప్పై ప్లేట్లలో రెండు మూడు ఫ్రెంచివి మిగిలాయి. అందులో ఒకటి ఆయనకి ప్రాణం. శార్ల్ త్రెనె అనే గాయకుడు రాసి పాడిన 'దూస్ ఫ్రాన్స్'. అంటే 'తీయని ఫ్రాన్స్'. భోజనాలయ్యాక మడత కుర్చీలో వాలి అది పెట్టమనేవారు. అది అయిపోగానే, "ఇప్పుడు మనది పెట్టు" అనేవారు. మనది అంటే టంగుటూరి సూర్యకుమారి పాడిన 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ'.

ఆ రెండు పాటల్నీ ఆయన ఒకదాని వెనక ఒకటి ఎందుకు వినేవారో అప్పుడు నాకు తెలియదు. తెలియడానికి నేను ఎన్నో ఏళ్ళపాటు బళ్ళో పాఠాలు చెప్పవలసి వచ్చింది.

ఆ బడి రావులపాలెం వైపు, గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను తెలుగు చెప్పేదాన్ని. గొంతు కాస్త పలుకుతుందని పొద్దున్న ప్రార్థన నా చేతిలో పెట్టారు. రోజూ తొమ్మిదిన్నరకి నాలుగు వందలమంది పిల్లలు వరసల్లో నిలబడేవారు. వందేమాతరం, మా తెలుగు తల్లికి, ప్రతిజ్ఞ, చివర జనగణమన. పిల్లలు ఆ తెలుగు పాటని గట్టిగా, గబగబా, కవాతుకి అడుగులేసినట్టు పాడేవారు. నేనూ అలాగే పాడించేదాన్ని.

పాటలో ఉన్న పేర్లని నేను పాఠాలుగా చేసుకున్నాను. గోదావరి, కృష్ణ, అమరావతి శిల్పాలు, త్యాగయ్య పాట, తిక్కన కలం, రుద్రమ భుజబలం, తిమ్మరుసు బుద్ధి, కృష్ణరాయల కీర్తి. వారానికి ఒక పేరు. తిక్కన వారం నెల్లూరు గురించీ మహాభారతం గురించీ చెప్పేదాన్ని. తిమ్మరుసు వారం విజయనగరం గురించి. పాఠ్యపుస్తకంలో లేని వరస అది. ఈ ఒక్క పాట చేతిలో ఉంటే పిల్లవాడికి తెలుగువాళ్ళ చరిత్ర ఒక దండలా గుచ్చి చేతికివ్వొచ్చు.

1988లో, అలా పేర్లన్నీ అయిపోయిన వారం, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి నిలబడింది. "పాటలో ఉన్నవాళ్ళందరి గురించీ చెప్పారు కదండీ టీచరుగారూ. మరి రాసినాయన పేరూ, పాడినావిడ పేరూ పాటలో లేవు కదండీ. వాళ్ళెవరండీ?"

రాసినాయన పేరు చెప్పాను. శంకరంబాడి సుందరాచారి. ఊరు తిరుపతి పక్కన తిరుచానూరు. అంతకు మించి ఒక్క మాట నా నోట రాలేదు. పాడినావిడ సూర్యకుమారి అన్నాను. "ఆవిడ ఊరేదండీ?" అంది. నాకు తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాతయ్య పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది, అడగడానికి లేరు. వచ్చిన ఆదివారం రాజమండ్రి బస్సెక్కి గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళాను. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు వెళ్ళాను. పాత పత్రికల సంపుటాలు తిరగేస్తుంటే మొట్టమొదట తెలిసిన సంగతికే నా చెయ్యి ఆగిపోయింది. ఆవిడ పుట్టింది రాజమండ్రిలోనే.

1925 నవంబర్ 13న సూర్యకుమారి పుట్టారు. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి తమ్ముడు శ్రీరాములుగారి కూతురు. ప్రకాశంగారు రాజమండ్రిలో వకీలుగా పేరు తెచ్చుకుని, పురపాలక సంఘానికి అధ్యక్షుడిగా చేసిన సంగతి మా ఊళ్ళవాళ్ళందరికీ తెలుసు. ఆ ఇంటి ఆడపిల్ల పన్నెండేళ్ళకే సినిమాల్లోకి వెళ్ళింది. 1937లో వచ్చిన 'విప్రనారాయణ' ఆమె మొదటి చిత్రం. గూడవల్లి రామబ్రహ్మంగారి 'రైతుబిడ్డ'లో, బి.ఎన్. రెడ్డిగారి 'దేవత'లో నటించారు. ఆ రోజుల్లో నటించేవాళ్ళు తమ పాట తామే పాడుకోవాలి. గొంతు ఉన్నవాళ్ళకే పాత్రలు. ఆమెకి రెండూ ఉన్నాయి.

సుందరాచారిగారి కథ వేరు. 1914 ఆగస్టు 10న పుట్టారు. కుర్రతనంలోనే ఇంట్లో పడక, జంధ్యం తీసేసి బయటికి నడిచారు. తిరుపతిలో హోటల్లో సర్వరుగా పనిచేశారు. రైల్వే స్టేషన్లో మూటలు మోశారు. ఆంధ్రపత్రికలో ప్రూఫులు దిద్దారు. ఆ తర్వాత పాఠశాలల పర్యవేక్షకుడయ్యారు. ఇన్ని పనులు చేసిన చెయ్యి ఆ పాట రాసింది. నేను ఇది చదివినప్పుడు అనుకున్నాను, తెలుగు తల్లి అని ఆయన ఎవరిని తలచుకుని ఉంటారా అని. ఇల్లు వదిలేసి వచ్చిన కుర్రవాడికి తల్లి అనే మాట ఎంత బరువుగా ఉంటుందో ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలియదు.

పాటని చిత్తూరు నాగయ్యగారు నటించిన 'దీనబంధు' సినిమా కోసం రాశారు. ఆ సినిమా 1942లో వచ్చింది. పాట ఊరూరా పాకింది మాత్రం సూర్యకుమారి గ్రామఫోన్ రికార్డు వల్ల.

1942 అంటే మా ప్రాంతం వాళ్ళకి గుర్తుండే సంవత్సరం. ఆ ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆగస్టులో క్విట్ ఇండియా మొదలైంది. తెలుగువాళ్ళకి అప్పుడు ఒక రాష్ట్రం లేదు. కోస్తా, రాయలసీమ మద్రాసు రాజధానిలో ఉన్నాయి. తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉంది. మా తాతయ్య ఊరు యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. నడిచి పోయేంత దూరంలో ఉన్న రెండు తెలుగు ఊళ్ళ మధ్య పన్నులు వసూలు చేసే గుమ్మం ఉండేది. అలాంటప్పుడు తెలుగు తల్లి అంటే ఎక్కడ ఉన్నట్టు? పటం మీద చూపించడానికి చోటు లేదు. కవి అందుకే ఆమెని పటంలో వెతకలేదు. నదుల్లో, రాళ్ళల్లో, పాటల్లో, పద్యాల్లో, మనుషుల్లో వెతికాడు. ఎక్కడెక్కడ కనిపిస్తుందో ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాడు.

తిరుపతివాడైన కవి మా గోదావరిని మొదట పిలిచాడు. గోదావరికి ఒక చప్పుడు, కృష్ణకి ఒక చప్పుడు ఇచ్చాడు. ఒకటి కదిలి పోతుంది, ఒకటి పరుగెడుతుంది. ఆ రెండు కదలికల ఫలితం బంగారు పంటలు. రాజమండ్రి గట్టు మీద నిలబడి చూసినవాళ్ళకి తెలుస్తుంది ఆ మాట ఎంత సరిపోయిందో. అంత వెడల్పున్న నీరు పరుగెత్తదు, నిండుగా కదిలిపోతుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక, ఆ కదిలే నీరు కాలవల్లోకి తిరిగి మా చేలలోకి వచ్చింది. అంతకుముందు కరువులకీ తుపానులకీ ఖాళీ అయిన డెల్టా ఇది. కాబట్టి బంగారు పంట అన్నది మాకు అలంకారం కాదు, మా ముత్తాతలు కళ్ళారా చూసినది.

ఇక ఆ రికార్డు సంగతి. అప్పటి ప్లేటు పదంగుళాలుంటుంది. లక్కతో చేసేవారు. కింద పడితే అప్పడంలా విరిగేది. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, ఆ పైన కొద్ది క్షణాలు. పాడేవాళ్ళు తప్పు పాడితే మధ్యలో కోసి అతికించడం ఉండదు. మళ్ళీ మొదటి నుంచి పాడాల్సిందే. పాట ఎంత పెద్దదైనా ఆ మూడు నిమిషాల్లో ఇమడాలి, ప్రతి మాటా వినపడాలి. వాద్యాలు గొంతుని మింగేయకూడదు. మన లలిత గీతం ఈ కొలతలోనే రూపు దిద్దుకుంది. కచేరీలోలా రాగాన్ని పెంచుకుంటూ పోయే వీలు లేదు. సినిమాలోలా బొమ్మ సాయం లేదు. మాటా గొంతూ, అంతే. ఫ్రాన్సులో 'షాన్సోన్' అని పిలిచే పాట కూడా అలాంటిదే. మాట ముందు నడుస్తుంది, బాణీ దాని చెయ్యి పట్టుకుంటుంది.

సూర్యకుమారి గొంతు ఆ కొలతకి కొలిచి పోసినట్టుంటుంది. 1942లో ఆమెకి పదహారు, పదిహేడేళ్ళు. సంగీతం నేర్చిన గొంతు, కానీ నేర్చినదంతా చూపించాలని తహతహ లేదు. ఇంట్లో పూజ దగ్గర కూర్చున్న ఆడపిల్ల పాడినట్టు నెమ్మదిగా, స్పష్టంగా, ప్రతి అక్షరానికీ చోటిచ్చి పాడారు. దేశభక్తి పాట అంటే గొంతు పెంచాలనుకుంటాం. ఆమె తగ్గించారు. మెడలో పూలదండ వేసేటప్పుడు ఎవరూ అరవరు కదా.

స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు ఆకాశవాణి తెలుగువాళ్ళకి వినిపించిన గొంతు కూడా ఆమెదే. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు రాసి, బాణీ కట్టిన 'మాదీ స్వతంత్ర దేశం' ఆ పాట. రాసినాయనది గోదావరికి ఆ గట్టు, పాడినావిడది ఈ గట్టు. 1947 ఆగస్టులో యావత్తు తెలుగు దేశం విన్న ఆ పాట వెనక ఉన్న ఇద్దరూ మా నీళ్ళు తాగినవాళ్ళే.

ఆ తర్వాత ఆమె దారి చాలా దూరం పోయింది. 1952లో మిస్ మద్రాసుగా ఎంపికై, మిస్ ఇండియా పోటీలో రెండో స్థానంలో నిలిచారు. 1955లో దిలీప్‌కుమార్ హిందీ సినిమా 'ఉడన్ ఖటోలా'లో రాణిగా కనిపించారు. 1961లో న్యూయార్క్‌లో, ఠాగూర్ నాటకం 'ది కింగ్ ఆఫ్ ది డార్క్ చాంబర్'లో సుదర్శన రాణి పాత్ర వేసి, అక్కడి నాటక విమర్శకుల పురస్కారం అందుకున్నారు. ఠాగూర్ గీతాంజలిని తెలుగు చేసిన సుందరాచారిగారు ఒకవైపు, ఠాగూర్ రాణిగా న్యూయార్క్ రంగస్థలం మీద నిలబడిన గాయని మరోవైపు. ఒకే పాటతో ముడిపడిన ఇద్దరూ వేరువేరు దారుల్లో మళ్ళీ ఒకే మహాకవి ఇంటి గుమ్మం తొక్కారు. 1965 నుంచి ఆమె లండన్‌లో స్థిరపడి, ఇండియా పర్ఫామింగ్ ఆర్ట్స్ అనే సంస్థ పెట్టి, మన పాటనీ ఆటనీ అక్కడివాళ్ళకి నేర్పారు. హెరాల్డ్ ఎల్విన్ అనే ఆంగ్ల చిత్రకారుణ్ణి పెళ్ళి చేసుకున్నారు.

1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఆమె లండన్ నుంచి వచ్చి ఈ పాట పాడారు. పదిహేడేళ్ళ పిల్ల పాడిన పాటని యాభైకి చేరువవుతున్న స్త్రీ, పరాయి దేశం నుంచి వచ్చి, మళ్ళీ పాడింది. రెండేళ్ళకి, 1977 ఏప్రిల్ 8న సుందరాచారిగారు కన్నుమూశారు. ఆయన పాట రాష్ట్ర గీతం అయింది. తిరుపతిలో ఆయన విగ్రహం ఉన్న కూడలిని శంకరంబాడి సర్కిల్ అంటారు. రోజూ వేలమంది బస్సు కండక్టరుకి ఆ పేరు చెప్పి టిక్కెట్టు తీసుకుంటారు. ఆ పేరున్న మనిషే మన పిల్లలు పొద్దున్నే పాడే పాట రాశాడని వాళ్ళలో ఎంతమంది తలచుకుంటారో!

ఇవన్నీ కూడదీసుకుని ఆ ఎనిమిదో తరగతికి చెప్పేసరికి వాళ్ళు పదో తరగతికి వచ్చేశారు. ఆ పిల్ల శ్రద్ధగా విని, "అయితే ఆవిడ మన పక్కనావిడేనండీ" అంది. వెంటనే ఇంకో కుర్రాడు ప్రతిజ్ఞ ఎవరు రాశారని అడిగాడు. మళ్ళీ వెతికాను. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. దేశం మొత్తం పిల్లలు చెప్పే ప్రతిజ్ఞ ఒక తెలుగాయన తెలుగులో రాసింది! బంకించంద్రుడి పేరూ రవీంద్రుడి పేరూ మా పిల్లలందరికీ తెలుసు, తెలియాలి కూడా. మనవాళ్ళ పేర్లే అడిగేదాకా ఎవరమూ చెప్పలేదు.

తాతయ్య ఆ రెండు ప్లేట్లు ఒకదాని వెనక ఒకటి ఎందుకు పెట్టించేవారో అప్పుడే నాకు అర్థమైంది. త్రెనె 'దూస్ ఫ్రాన్స్'ని 1943లో పాడాడు. అప్పుడు పారిస్ జర్మన్ సైన్యాల చేతిలో ఉంది. దేశం పరాయివాళ్ళ కింద ఉన్నప్పుడు ఆయన కత్తి గురించి పాడలేదు, పగ గురించి పాడలేదు. తన చిన్ననాటి పల్లెని తలచుకున్నాడు. రికార్డు 1947లో వచ్చింది. ఇంచుమించు అవే ఏళ్ళలో, పరాయి పాలన కింద ఉన్న మన కవీ అదే పని చేశాడు. ఇద్దరిలో ఎవరూ శత్రువు పేరెత్తలేదు. ప్రేమించినవాటి పేర్లే చెప్పారు. ఒక దొరతనం కింద జీతం తీసుకుంటూ ఇంకో భాషలో కలలు కన్న మా తాతయ్యకి రెండూ ఒకే పాటలా వినిపించి ఉంటాయి.

'దూస్ ఫ్రాన్స్' కథ అక్కడితో ఆగలేదు. 1986లో రషీద్ తాహా అనే అల్జీరియా మూలాలున్న గాయకుడు తన బృందంతో ఆ పాటని కొత్త బాణీలో, అరబ్బు వాద్యాలతో పాడాడు. ఫ్రెంచి పౌరసత్వ చట్టం మీద చర్చ నడుస్తున్న రోజులవి. ఆ రికార్డుని పార్లమెంటు సభ్యులకి పంచారు. పెద్దవాడైన త్రెనె కూడా ఆ ప్రయత్నానికి అండగా నిలిచాడు. వలసవచ్చిన ఇంట పెరిగిన పిల్లలు, "ఈ తీయని దేశం మాది కూడా" అని ఆ దేశపు పాటతోనే చెప్పారు.

మన పాటకీ ఆ పరీక్ష వచ్చింది. అందులో తమ ఊళ్ళూ, తమ వీరులూ తగినంతగా లేరని తెలంగాణవాళ్ళలో చాలామందికి బాధ ఉండేది. ఆ బాధ నిజమైనదే. ఒక పాట అందరినీ పిలవాలంటే దాని పందిరి పెద్దదై ఉండాలి. తెలంగాణ రాష్ట్రం వచ్చాక వాళ్ళు అందెశ్రీగారు రాసిన 'జయ జయహే తెలంగాణ'ను 2024లో రాష్ట్ర గీతం చేసుకున్నారు. ఒక తల్లికి రెండు దండలు పడ్డాయి. పూలు వేరైనా దారం తెలుగే. ఓరుగల్లు రుద్రమ పేరు మా కోనసీమ పిల్లల నోట రోజూ పలుకుతూనే ఉంది.

2005 ఏప్రిల్ 25న సూర్యకుమారి లండన్‌లో కన్నుమూశారు. పేపర్లో చదివేటప్పటికి బడికి వేసవి సెలవులు. నా దగ్గర ఒక క్యాసెట్ ఉంది. ఎప్పుడో రేడియోలో ఆమె పాట వేస్తే, టేప్ రికార్డరు రేడియో దగ్గర పెట్టి పట్టుకున్నది. అందులో మా ఇంటి కాకి అరుపు కూడా పడింది. జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు ప్రార్థనకి నేను పాడించలేదు. హెడ్మాస్టారిని అడిగి, మైకు దగ్గర ఆ క్యాసెట్ పెట్టాను.

నాలుగు వందలమంది పిల్లలకి మొదట అది తమ పాటే అని తెలియలేదు. అంత నెమ్మదిగా ఉంది. ముందు వరసలోని ఆరో తరగతి పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గోదావరి మాట వచ్చేసరికి గుర్తుపట్టి, పెదాలు కదపడం మొదలుపెట్టారు. గొంతు ఎత్తలేదు. ఆవిడ వెనక నడిచారు. పాట అయ్యాక ఆవిడ పేరు చెప్పాను, ఊరు చెప్పాను. రాసినాయన పేరు చెప్పాను, ఊరు చెప్పాను. మర్నాడు మళ్ళీ మామూలుగా మేమే పాడుకున్నాం. ఎవరూ చెప్పకుండానే పిల్లలు కవాతు మానేసి, నెమ్మదిగా, ప్రతి పేరుకీ చోటిచ్చి పాడారు.

నేను రిటైరయ్యే రోజు దాకా ఆ బడిలో ఆ పాట అలాగే పాడారు.